మనిషి వెచ్చదనానికి మేలుకొనే దీపం

వాకిట్లో దానంతట అది వెలిగే చిన్న దీపం వెనుక రెండు శతాబ్దాల విజ్ఞానం ఉన్నది. అది చెడిపోయిన నాడు మాత్రం మూడు తీగలు మనిషి వివేకానికి పరీక్ష పెడతాయి.

కార్తీకమాసం. చలి ఇంకా ముదరలేదు. పల్నాడులోని ఒక చిన్న పట్టణంలో, ఊరి చివరి వీధిలో, ఉద్యోగ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు రాత్రి ఎనిమిది గంటల వేళ గుడినుంచి ఇంటికి తిరిగి వచ్చారు. గేటు తీసి రెండడుగులు వేశారు. నాలుగేళ్లుగా ఆయన అడుగు లోపల పడీ పడకముందే వెలిగే వాకిటి దీపం ఆ రాత్రి వెలగలేదు. మరొక అడుగు వేసి, చేయి గాలిలో ఊపి చూశారు. చీకటి చీకటిగానే ఉండిపోయింది.

గేటుకూ గడపకూ మధ్య దూరం పట్టుమని పదిహేను అడుగులు లేదు. ఆ మధ్యలో ఒక తులసికోట, మూడు మెట్లు, గోడవారగా పేర్చిన కట్టెలు. రెండు వర్షాకాలాల క్రితం ఆ కట్టెల పక్కనే ఒక కట్లపాము కనిపించింది. ఆనాడు దానిని ముందుగా చూపించింది ఈ దీపమే. అందుకే మాస్టారు ఉన్నచోటనే నిలబడి, "ఏమేవ్! టార్చిలైటు పట్టుకురా" అని కేక వేశారు.

ఆయన జాగ్రత్తను పిరికితనమని ఎవరూ అనలేరు. 2000వ సంవత్సరం నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించారని, అనగా సగటున ఏటా 58,000 మంది బలి అయ్యారని 2020లో వెలువడిన ఒక విస్తృత పరిశోధన అంచనా కట్టింది. ఈ మరణాలలో అధిక భాగం పల్లెలలో జరిగినవే. ఎక్కువ నష్టపోయిన ప్రాంతాల జాబితాలో తెలుగునేల కూడా ఉన్నది. చీకటిలో వేసే ఒక్క అడుగు ఖరీదు ఎంతో పొలంగట్ల మీద నడిచేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎరుపు ఎరుపు కానప్పుడు

మరునాడు ఉదయమే మాస్టారు బజారుకు వెళ్లి కొత్త సెన్సారు కొని తెచ్చారు. పిడికిలిలో ఇమిడే తెల్లని డబ్బా. ముందు పాలరంగు గాజు వలె కనిపించే గుండ్రని ప్లాస్టిక్కు మూత. వెనుక నుంచి మూడు తీగలు: గోధుమరంగు, నీలం, ఎరుపు. గోడలోనుంచి వచ్చే తీగలూ మూడే: ఎరుపు, నలుపు, నీలం. పాతదానిని కత్తిరించి తీసివేసేటప్పుడు ఏ తీగ దేనికి కలిసి ఉన్నదో ఆయన గమనించలేదు. లెక్కల మాస్టారు కనుక లెక్క వేశారు. ఎరుపుకు ఎరుపు, నీలానికి నీలం, మిగిలిన నలుపుకు మిగిలిన గోధుమరంగు. లెక్క సరిపోయినట్లే కనిపించింది. వాకిటి దీపం స్విచ్చి ఆపి, స్టూలు ఎక్కారు.

అంతలో ఆయన భార్య కబురు పెట్టిన కరెంటు పనివాడు వచ్చాడు. మాస్టారి దగ్గరనే ఎక్కాలు నేర్చుకున్న కుర్రవాడు.

"ఆగండి మాస్టారూ! ఒక్క నిమిషం కిందికి దిగండి."

"స్విచ్చి ఆపానురా. భయం లేదు."

కుర్రవాడు మాట్లాడకుండా జేబులోని టెస్టరు తీశాడు. దానిని ముందుగా హాలులోని ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతున్నదని రూఢి చేసుకొన్నాడు. తరువాత స్టూలు ఎక్కి, వాకిట్లోని ఎర్ర తీగ కొనకు ఆనించాడు. టెస్టరులోని చిన్న దీపం నారింజరంగులో వెలిగింది.

మాస్టారు కాసేపు ఆ వెలుగు వైపే చూస్తూ ఉండిపోయారు. "మరి నేను ఆపింది ఏమిటిరా?"

"మీరు ఆపింది నలుపును మాస్టారూ, ఎరుపును కాదు. ఇల్లు కట్టిన రోజున ఎవరో స్విచ్చిని న్యూట్రల్ మీద పెట్టారు. దీపం ఆరిపోతుంది గాని, తీగలో కరెంటు అలాగే ఉంటుంది."

అతడు మెయిను ఆపి, మళ్లీ టెస్టరు పెట్టి చూశాడు. ఈసారి వెలగలేదు. అప్పుడు గాని తీగలను చేతితో ముట్టుకోలేదు.

మాస్టారు చేయబోయిన పనిలో రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది స్విచ్చిని నమ్మడం. రెండవది రంగును నమ్మడం. ఇటువంటి సెన్సార్లు అనేకం గోధుమరంగు తీగను ఫేజుకూ, నీలాన్ని న్యూట్రల్‌కూ, ఎరుపును దీపానికి పోయే మార్గానికీ కేటాయించి తయారవుతాయి. అనగా ఇంటి గోడలో ఎరుపు కరెంటు వచ్చే తీగ కాగా, డబ్బాలో ఎరుపు కరెంటు బయటికి పోయే తీగ. ఇక ఆ ఇంటి గోడలోని నీలం తీగ న్యూట్రల్ కాదు. అది దీపానికి పోయే తీగ. రంగులు కలిశాయి, పనులు కలవలేదు.

ఆ విధంగా కలిపి మెయిను వేసి ఉంటే సెన్సారుకు కరెంటు అందక, దీపం వెలిగేది కాదు. మాస్టారు డబ్బాను చెడ్డదని తిట్టుకొని, దుకాణానికి తిరిగి పంపి ఉండేవారు. కాని మూడు తీగలను తారుమారు చేసే తీరులలో అంతకన్నా చెడ్డవి కూడా ఉన్నాయి. ఫేజు సరిగానే కలిసి, దీపానికి పోవలసిన తీగ పొరపాటున న్యూట్రల్‌తో ముడిపడిందనుకుందాం. లోపలి రిలే మూసుకున్న క్షణాన ఫేజు నేరుగా న్యూట్రల్ మీద పడుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే తీగ కాలుతుంది.

రంగుల తికమక ఎక్కడిది?

మన ఇళ్లలో ఫేజుకు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడే పద్ధతి బ్రిటిషు వారి సంప్రదాయం నుంచి వచ్చినది. బ్రిటను మాత్రం ఐరోపా దేశాలతో ఏకరూపత కోసం 2004లో ఆ పద్ధతిని విడిచిపెట్టడం ప్రారంభించింది. 2006 నుంచి అక్కడి కొత్త పనులన్నిటా ఫేజుకు గోధుమరంగు, న్యూట్రల్‌కు నీలం, ఎర్తుకు ఆకుపచ్చ పసుపు చారలు తప్పనిసరి అయ్యాయి. మన గోడలలో పాత రంగులే నిలిచాయి. దుకాణంలో కొనే పరికరాలకు కొత్త రంగులు వచ్చి చేరాయి.

అందువల్ల ఒక విచిత్ర స్థితి ఏర్పడింది. మూడు ఫేజుల కనెక్షను ఉన్న ఇంట్లో నీలం తీగ ప్రాణం తీసే ఫేజు. అదే నీలం, కొన్న డబ్బాలో నిరపాయమైన న్యూట్రల్. అమెరికాలో కథ మరీ అడ్డం తిరుగుతుంది. అక్కడ నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. పైగా అక్కడి ఇళ్లలో దీపాలకు ఇచ్చే కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడ స్థిరపడిన కొడుకో కూతురో ప్రేమతో పెట్టెలో పెట్టి తెచ్చిన సెన్సారును అలాగే మన గోడకు బిగిస్తే, రంగులూ తప్పుతాయి, డబ్బా కూడా కాలిపోవచ్చు.

కనుక రంగు ఒక ఊహ మాత్రమే. డబ్బా మీద అచ్చువేసిన బొమ్మే ఆధారం. అందులో 'ఎల్' అన్నచోట ఫేజు, 'ఎన్' అన్నచోట న్యూట్రల్, 'ఎల్' పక్కన చిన్న గీత గాని బాణం గుర్తు గాని ఉన్నచోట దీపానికి పోయే తీగ కలపవలసి ఉంటుంది.

సిలోను రాయి చెప్పిన రహస్యం

ఇంతకూ ఈ డబ్బా చీకటిలో మనిషిని ఎలా కనిపెడుతుంది? అది అలికిడి వినదు. మన రూపాన్ని చూడదు. తన నుంచి ఏ కిరణాన్నీ పంపదు. మన ఒంటి వెచ్చదనాన్ని మాత్రమే పసిగడుతుంది.

వెచ్చదనం కూడా ఒక విధమైన వెలుగేనని మొదట తెలుసుకున్నవాడు విలియం హెర్షెల్. 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న ఖగోళవేత్త ఆయనే. 1800లో ఆయన సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కొక్క రంగులో ఎంత వేడి ఉన్నదో థర్మామీటర్లతో కొలుస్తున్నాడు. ఎరుపు అంచు దాటిన తరువాత, కంటికి ఏ రంగూ కనిపించని చోట పెట్టిన థర్మామీటరు మరింత పైకి ఎగబాకింది. కంటికి కనిపించని ఆ కిరణాలనే నేడు పరారుణ కిరణాలంటున్నాము. ఎండలో పెట్టిన రాయి, పొయ్యి మీద కుండ, పసిబిడ్డ బుగ్గ, అన్నీ వాటిని వెదజల్లుతూనే ఉంటాయి. మనిషి చర్మం నుంచి వెలువడే కిరణాలు 9, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద ఎక్కువ బలంగా ఉంటాయి. మన కన్ను చూడగలిగినది 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకే.

రహస్యంలోని రెండవ సగం మన పొరుగున ఉన్న సింహళ ద్వీపం నుంచి ఐరోపాకు వెళ్లింది. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి రోజులలో డచ్చి వర్తకులు సిలోను నుంచి ఒక రంగురాయిని తీసుకుపోయారు. దానిని వేడిచేస్తే బూడిదను తనవైపు లాక్కుంటుంది. పొగతాగే గొట్టాలలోని బూడిదను తీయడానికి డచ్చివారు దానిని ఉపయోగించారట. 'బూడిద లాగేది' అనే ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ రాయి టూర్మలీన్. ఆ పేరుకు మూలం సింహళ భాషలోని 'తోరమల్లి' అన్న మాట. వేడి తగిలినప్పుడు ఆ రాతి రెండు కొనలలో రెండు విధాల విద్యుత్తు పుడుతున్నదని 1756లో ఏపినస్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణానికి 'పైరో ఎలెక్ట్రిసిటీ', అనగా వేడిమివల్ల పుట్టే విద్యుత్తు, అని నామకరణం చేశాడు.

వాకిటి దీపపు డబ్బాలో ఉన్నది టూర్మలీన్ కాదు. అదే గుణాన్ని అంతకంటె ఎక్కువగా చూపే కృత్రిమ పింగాణీ పలుకులు. సాధారణంగా అటువంటివి రెండు పక్కపక్కన అమర్చి, ఒకదానికి ఒకటి ఎదురుగా కలుపుతారు. ఎండ వల్లనో, సాయంకాలపు చల్లగాలి వల్లనో రెండూ ఒకేసారి వేడెక్కినా చల్లబడినా ఒకదాని విద్యుత్తును మరొకటి రద్దుచేస్తుంది. వెచ్చని మనిషి అడ్డంగా నడిచినప్పుడు మాత్రం ముందు ఒక పలుకు, తరువాత రెండవది వేడెక్కుతుంది. ఆ తేడాయే సంకేతం. దీపం వెలుగుతుంది. కదలకుండా కూర్చున్న మనిషికి దీపం ఆరిపోవడంలోని మర్మం కూడా ఇదే.

ముందున్న తెల్లని మూత కేవలం మూత కాదు. అది అనేక చిన్న కటకాల కూర్పు. ఒక్కొక్క కటకం వాకిట్లోని ఒక్కొక్క దిక్కును లోపలి పలుకుల మీదికి తెచ్చి చూపుతుంది. మందపాటి గాజు అవసరం లేకుండా పలుచని మెట్ల వంటి అంచులతో కటకం చేసే ఈ ఉపాయం ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అగస్టిన్ ఫ్రెనెల్‌ది. 1823లో ఫ్రాన్సు తీరాన కోర్డువాన్ దీపస్తంభంలో అది మొదటిసారి ఓడలకు దారి చూపింది. సముద్రంలోని నావికుల కోసం పుట్టిన కటకం నేడు గడప ముందు గృహస్థుకు కాపలా కాస్తున్నది.

ఈ కన్నుకు ఉన్న లోపాలు

ఈ విజ్ఞానం తెలిస్తే సెన్సారు నుంచి ఏమి ఆశించవచ్చునో, ఏమి ఆశించరాదో తెలుస్తుంది. మనిషి దానికి అడ్డంగా నడిస్తే త్వరగా గుర్తిస్తుంది. నేరుగా ఎదురు నడిస్తే ఆలస్యంగా గుర్తిస్తుంది. అందువల్ల దానిని గేటుకు ఎదురుగా కాక, నడిచే దారికి పక్కగా, రెండు రెండున్నర మీటర్ల ఎత్తున బిగించడం మేలు.

దానికి కావలసినది మనిషి వేడి కాదు, మనిషికీ పరిసరాలకూ మధ్య ఉన్న తేడా. మన చర్మపు వేడిమి సుమారు 33 డిగ్రీల సెంటీగ్రేడు. రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాడులో మే నెల రాత్రి గోడలు కూడా అంతే వేడిగా ఉంటాయి. అప్పుడు సెన్సారు చూపు మందగిస్తుంది. డిసెంబరులో ఎనిమిది మీటర్ల దూరం నుంచి మేలుకొన్న దీపం మే నెలలో మూడు మీటర్ల దాకా నిద్రపోతే అది చెడిపోయినట్లు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి. పాము వస్తే ఈ దీపం వెలుగుతుందని నమ్మరాదు. పాము శరీరపు వేడి నేల వేడితో దాదాపు సమానంగా ఉంటుంది. కనుక సెన్సారుకు అది కనిపించదనే అనుకోవాలి. దీపం వెలిగేది మనిషి కోసం. ఆ వెలుగులో పామును చూడవలసినది మనిషే.

పరిహాసమేమంటే, ప్రకృతిలో ఇటువంటి వేడి కన్ను కొన్ని పాములకు ఉన్నది. పడమటి కనుమల వెదురు పొదలలో తిరిగే ఒక పింజరి జాతికి కంటికీ ముక్కుకూ మధ్య చిన్న గుంట ఉంటుంది. కటిక చీకటిలో ఎలుక వెచ్చదనాన్ని అది ఆ గుంటతోనే కనిపెడుతుంది. మన పొలాలలోని నాగుపాముకు గాని, కట్లపాముకు గాని, రక్తపింజరకు గాని ఆ గుంటలు లేవు.

మూడు తీగల క్రమం

కుర్రవాడు చేసిన పనిని మాస్టారు పక్కన నిలబడి శ్రద్ధగా గమనించారు. మెయిను ఆపడం మొదటి పని. టెస్టరు పనిచేస్తున్నదని వేరొకచోట రూఢి చేసుకొన్న తరువాతనే తీగలను పరీక్షించాలి. మెయిను ఆపాక తీగలను పరీక్షించి, చివర మళ్లీ టెస్టరునే పరీక్షించుకోవాలి. వెలగని టెస్టరు 'కరెంటు లేదు' అని చెప్పవచ్చు, 'నేనే చెడిపోయాను' అని కూడా చెప్పవచ్చు.

తరువాత ఇంటి ఫేజును సెన్సారు గోధుమరంగు తీగతో కలిపాడు. ఇంటి న్యూట్రల్, దీపపు న్యూట్రల్, సెన్సారు నీలం, ఈ మూడింటినీ ఒకచోట చేర్చాడు. మిగిలిన ఎరుపును దీపానికి పోయే తీగతో కలిపాడు. మెలిపెట్టి టేపు చుట్టడంతో సరిపెట్టక, మరలు ఉన్న కనెక్టర్లలో బిగించి, వాటిని మూత ఉన్న పెట్టెలో ఉంచాడు. స్విచ్చి బోర్డు విప్పి, స్విచ్చి ఇకమీదట ఫేజునే తెంచేటట్లు మార్చాడు.

పాత సెన్సారును విప్పి చూస్తే లోపల చీమల గూడు, తుప్పు పట్టిన కాళ్లు కనిపించాయి. తీగ పైనుంచి డబ్బాలోకి దిగడం వల్ల నాలుగు వానాకాలాల నీరు తీగ వెంట లోపలికి జారింది. ఈసారి తీగను డబ్బా కిందికి వంపు తిప్పి, కిందినుంచి పైకి ఎక్కించాడు. నీటిబొట్టు వంపు దగ్గరనే రాలిపోతుంది.

చౌక రకపు సెన్సార్లను కరెంటు ఉండగా విప్పి చూడడం చాలా ప్రమాదం. వాటి లోపలి భాగాలు ఇంటి కరెంటు నుంచి వేరుపడి ఉండవు. ఎక్కడ ముట్టుకున్నా ఫేజును ముట్టుకున్నట్లే. 9 వాట్ల బల్బు తీసుకొనే కరెంటు కనీసం 40 మిల్లీ ఆంపియర్లు ఉంటుంది. అంతపాటి కరెంటు ఛాతీ గుండా కొద్ది సెకన్లు ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే మెయినును తెంచివేసే సాధనాన్ని బోర్డులో అమర్చుకొమ్మని నిపుణులు చెప్పేది ఇందుకే.

చట్టం కూడా ఈ విషయంలో ఒక గీత గీసింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల ప్రకారం, సామర్థ్యమూ స్వభావమూ మారకుండా బల్బులు, ఫ్యూజులు, స్విచ్చిల వంటివాటిని మార్చుకోవడం తప్ప, తక్కిన వైరింగు పని లైసెన్సు ఉన్నవారే చేయాలి. తరువాత వచ్చిన నిబంధనలు కూడా ఆ పద్ధతినే కొనసాగించాయి. ఉన్న సెన్సారు స్థానంలో అటువంటిదే మరొకటి పెట్టడం వేరు, స్విచ్చి బోర్డులోని తప్పును సరిదిద్దడం వేరు. ఆ రెండవ పని ఎరిగినవాని చేతనే చేయించాలి.

మళ్లీ వెలుగు

మెయిను వేశారు. దీపం దానంతట అది వెలిగి, కాసేపటికి ఆరింది. మాస్టారి ముఖం చిన్నబోయింది. కుర్రవాడు నవ్వాడు. "నిద్ర లేచిన మనిషికి కూడా తేరుకోవడానికి కాసేపు పడుతుంది గదా మాస్టారూ! దీనికి ఒక నిమిషం ఇవ్వండి." పరిసరాల వేడికి అలవాటు పడేదాకా సెన్సారు అలా తడబడడం సహజమే. డబ్బా కింద మూడు చిన్న మీటలు ఉన్నాయి. ఒకటి దీపం ఎంతసేపు వెలగాలో, ఒకటి ఎంత చీకటి పడ్డాక పనిచేయాలో, ఒకటి ఎంత దూరం చూడాలో నిర్ణయించేవి. పగటిపూట పరీక్షించడానికి చీకటి మీటను సూర్యుని గుర్తు వైపు తిప్పాడు. పని అయ్యాక మళ్లీ చంద్రుని వైపు తిప్పాడు.

డబ్బు ఇవ్వబోతే మొహమాట పడ్డాడు. "పనికి పని, చదువుకు చదువు" అని మాస్టారు బలవంతంగా అతని జేబులో పెట్టారు.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఆయన పని లేకపోయినా గేటు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నడిచారు. రెండవ అడుగుకే వాకిలంతా వెలుగు పరచుకున్నది. తులసికోట, మూడు మెట్లు, కట్టెల మోపు స్పష్టంగా కనిపించాయి. ఆయన కట్టెల మోపు దగ్గర ఆగి, దానిని కాసేపు తేరిపార చూశారు.

"ఏమండీ, ఏముంది అక్కడ?" అని భార్య లోపలినుంచి అడిగింది.

"ఏమీ లేదు. రేపు ఈ కట్టెలను ఇక్కడనుంచి తీయించాలి" అన్నారు మాస్టారు.